పేరు విరిస్తే మనిషి కనపడాలి: శ్లేష చీట్ల ప్రాజెక్టు డైరీ

శనివారం

పాత నాటకాల్లోని పాత్రల పేర్లు విరిచి, మెలిపెట్టి, పొడుపు చీట్లు తయారు చేసే పని ఇవాళ మొదలైంది. పేకముక్క సైజు చీటీ. ఒకవైపు ప్రశ్న, తిప్పితే పేరు, పేరు కింద దాని విరుపు. ఒకరు చదువుతారు, మిగతావాళ్ళు పేరు చెప్పాలి. అంతే ఆట. మేం ఆడుకోవడానికే, అమ్మకానికి కాదు.

నోట్‌బుక్కులో మొదటి పేజీ మొదటి లైను: 'హామ్లెట్, ఆమ్లెట్'. రాసిన వెంటనే కొట్టేశాను. ఈ జోకు వెయ్యనివాళ్ళు లేరన్నది ఒక కారణం. అసలు కారణం వేరు. ఆమ్లెట్‌లో ఆ డెన్మార్కు రాకుమారుడు ఎక్కడా లేడు. తండ్రి దయ్యం లేదు, పగ లేదు, ఆ నాన్చుడు లేదు. చప్పుడు కలిసింది గానీ మనిషి కలవలేదు.

కాబట్టి రూలు ఒక్కటే. పేరు విరిస్తే వచ్చే ముక్కలు ఆ పాత్ర చేసిన పని గురించో, పడిన పాట్ల గురించో మాట్లాడాలి. మాట్లాడకపోతే ఎంత నవ్వొచ్చినా అది చీటీ ఎక్కదు.

రూలుకి నిలబడ్డ మొదటి పేరు నక్షత్రకుడు. హరిశ్చంద్ర కథలో విశ్వామిత్రుడి అప్పు వసూలు కోసం రాజు వెంటపడి అడుగడుగునా పీక్కుతినే శిష్యుడు. ఆ పేరు ఎప్పుడో నాటకం దాటి వీధిలోకి వచ్చేసింది. వదలకుండా వెంటపడేవాణ్ణి ఇవాళ్టికీ నక్షత్రకుడనే అంటాం. చీటీ ఇలా వచ్చింది:

'అప్పు తీర్చమని రాజుకి పగలే చుక్కలు చూపించినవాడు?'

ఇక్కడ పేరుని విరవనే లేదు. నక్షత్రం అంటే చుక్క, అంతే. అలంకారశాస్త్రంలో దీన్ని అభంగ శ్లేష అంటారు, మాట విరక్కుండానే రెండో అర్థం పలకడం. విరిస్తేనే పలికేది సభంగ శ్లేష. నోట్‌బుక్కుని ఈ రెండు భాగాలుగా చేశాను.

అదే కథలో హరిశ్చంద్రుడి భార్యని కొనుక్కున్న కాలకౌశికుడి పెళ్ళాం పేరు కలహకంఠి. కలకంఠి అంటే కోకిల గొంతుది. మధ్యలో ఒక్క 'హ' దూర్చగానే కోకిల పోయి కొట్లాట వచ్చింది. ఇది నేను చేసింది కాదు, కథలోనే ఉంది. ఇలాంటివాటికి ప్రశ్న చాలా తేలిక: 'కోకిల గొంతులో హకారం అడ్డం పడితే?'

ఆదివారం

ఇవాళంతా కన్యాశుల్కం. 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశారు. శ్లేష పనికి ఇంతకంటే మంచి గని తెలుగులో లేదు, ఎందుకంటే పేర్లు పెట్టడంలోనే ఆయన సగం పని చేసి పెట్టారు. పిసినారి పేరు లుబ్ధావధాన్లు. నోరు తెరిస్తే నిప్పులు కక్కే ఆయన అగ్నిహోత్రావధానులు. నాటకం కంపెనీలో విదూషకుడి వేషం వేసే జిత్తులమారి కరటక శాస్త్రి, పంచతంత్రంలోని నక్కల్లో ఒకదాని పేరు ఆయనకి. పూటకూళ్ళమ్మ సరేసరి, పూటకూళ్ళు అమ్మే అమ్మ.

అయితే ఇక్కడే చిక్కు కూడా ఉంది. పేరులోనే అర్థం బయటపడి ఉంటే పొడుపు ఏముంటుంది? లుబ్ధుడంటే పిసినారి అని చెప్పడం నిఘంటువు పని. దాన్ని ఇంకో మలుపు తిప్పాలి. లుబ్ధ, లబ్ధ. ఒక కొమ్ము తీసేస్తే చాలు, లోభం లాభమైపోతుంది. డబ్బు పోసి తెచ్చుకున్న పెళ్ళికూతురు తీరా చూస్తే ఆడవేషం కట్టిన మహేశం, ఆ పిల్లకాయ కూడా మాయం. అందుకని:

'ముసలితనంలో పెళ్ళాడాడు, కొమ్ము ఉన్నంతకాలం లోభం, కొమ్ము విరిగితే లాభం. ఆ లాభం ఆయనకి దక్కలేదు. ఎవరు?'

కొంచెం పొడుగైంది. ఉంచాను.

గిరీశం మీద సాయంత్రం దాకా కూర్చున్నాను. గిరి, ఈశుడు అని విరిస్తే కైలాసం వస్తుంది, గిరీశం రాడు. చివరికి విరవడం మానేసి దీర్ఘం ఇచ్చాను: గీరీశం. గీర అంటే టెక్కు. గీరకి ఈశ్వరుడు. శిష్యుడు వెంకటేశానికి చుట్ట కాల్చడం తప్ప ఇంకేమీ అంటని చదువు చెప్పి, దాన్ని ఇంగ్లీషు ముక్కలతో కప్పెట్టి తిరిగే మనిషికి అంతకంటే సరిపోయేది దొరకదు. ఆడేవాళ్ళు ఆ దీర్ఘం వింటే చాలు, ఠక్కున పట్టేస్తారు. కాబట్టి ప్రశ్నలోనే 'గీర' అనే మాట రాకూడదు. 'టెక్కులకి దేవుడు' అని పెట్టాను.

మధురవాణి దగ్గర మా మేనకోడలికీ నాకూ వాదన నడిచింది. కాలేజీ పిల్ల, చీట్ల మీద గీతలు గీయడానికి తనే ఒప్పుకుంది.

"మధు, రవాణి. తేనె లారీలు మావయ్యా! ఇంతకంటే బాగా విరుగుతుందా ఏ పేరైనా?"

"విరిగింది గానీ మధురవాణి ఏదమ్మా అందులో? లారీ ఉంది, డ్రైవరున్నాడు."

"ఎందుకు లేదు? తీపి మాటలు చెప్పి ఒకరి గుట్టు ఇంకొకరికి చేరేసేది ఎవరు? రామప్పంతులు దగ్గర విన్నది కరటక శాస్త్రికి, చివర్లో మగవేషం కట్టి సౌజన్యారావు పంతులుకి. మొత్తం రవాణా ఆవిడదే కదా."

నోరు మూసుకుని చీటీ రాసుకున్నాను: 'తీపి సరుకులో గుట్టు దాచి ఇంటింటికీ చేరవేసిన రవాణా సంస్థ?' 'రవాణా'కీ 'రవాణి'కీ తేడా ఉంది, అది కనపడకుండా ప్రశ్నలో ఆ మాట వాడి దాటేశాం.

సోమవారం రాత్రి

రామప్పంతులు పేరు ఎట్నుంచి పట్టుకున్నా జారిపోతోంది. 'రామ', 'పంతులు' అని విరిస్తే ఏమీ లేదు. పంతులుగారి పని ఏమిటి? ఊళ్ళో ఉన్నవాళ్ళని తగువుల్లోకి దింపడం, కోర్టుకెక్కించడం. ఆయన సలహా విన్నవాడు చివరికి ఏమని మొత్తుకుంటాడు? 'రామా! అప్పంతు లేదు!' అప్పుకి అంతు లేదన్నమాట. గట్టిగా, గబగబా చదవండి: రామప్పంతులే...

ఇది దొరికాక అసలు కిటుకు అర్థమైంది. అప్పు, అంతు రెండూ కలిస్తే అప్పంతు. ఉత్వ సంధి. ఉకారం తర్వాత అచ్చు వస్తే చాలు, ఉకారం తప్పుకుంటుంది. తెలుగు మాటల్లో ఎన్ని ఉకారంతో అంతమవుతాయో లెక్కలేదు. ఇల్లు, ముల్లు, అప్పు, పప్పు, మాకు, మీకు. అంటే ప్రతి మాట తోకా కత్తిరించి పక్కమాటకి అతికించొచ్చు. పరాయి పేర్లు కూడా ఈ అతుకులో పడతాయా అని షేక్స్పియర్ పాత్రల జాబితా ముందు పెట్టుకున్నాను.

పడ్డాయి. కింగ్ లియర్ ముందుగా. రాజ్యమంతా ఇద్దరు కూతుళ్ళకి పంచిచ్చి, చివరికి వాళ్ళ గుమ్మాల్లో చోటు లేక గాలివానలో తిరిగిన ముసలిరాజు. కూతుళ్ళు ఏమియ్యరు? ఇల్లియ్యరు. ఇల్లు, ఇయ్యరు. మధ్యలో 'లియరు' కూర్చుని ఉన్నాడు చూడండి. ఇది తట్టినప్పుడు కుర్చీలోంచి లేచి గది చుట్టూ తిరిగాను. కథంతా ఒక్క క్రియాపదంలో పట్టింది.

మాక్‌బెత్ కొంచెం బలవంతం, కానీ నచ్చింది. మాట్లాడేటప్పుడు 'మాకు' అనేది 'మాక్' అయిపోతుంది కదా. 'మాక్‌బెత్తెడు చాలు'. మంత్రగత్తెలు ముందు కాడర్ పదవి వస్తుందన్నారు, తర్వాత రాజువవుతావన్నారు. బెత్తెడు చాలన్నవాడు రాజునే పొడిచాడు. ప్రశ్న: 'రాజ్యం మింగినవాడు, పేరులో మాత్రం కాస్త చాలంటాడు?'

ఇయాగోది ఇత్వ సంధి, ఇక్కడ తప్పుకునేది ఇకారం. ఇయ్యి, ఆగు: ఇయ్యాగు. ఎమిలియాకి ఒథెల్లో భార్య డెస్డిమోనా జారవిడిచిన రుమాలు దొరుకుతుంది, మొగుడు ఇయాగో అది చూసి చేతిలోంచి లాక్కుంటాడు. ఒథెల్లో ఇంట్లో నిప్పు అంటుకునేది అక్కడే. 'భార్య చేతిలో రుమాలు లాక్కుంటూ ఏమన్నాడు? అదే అతని పేరు.' రాసేశా.

ఓఫీలియాకి సంధి అక్కర్లేదు, కొత్త తెలుగు చాలు. బతికున్నప్పుడు మఠానికి పొమ్మని కసిరాడు హామ్లెట్. చనిపోయాక గోతిలోకి దూకి, నలభై వేలమంది అన్నదమ్ముల ప్రేమ కలిపినా నా ప్రేమకి సాటి రాదన్నాడు. ఇవాళ్టి కుర్రాడైతే ఆ గోతి దగ్గర ఏమంటాడు? 'ఓ... ఫీలయ్యా!' మేనకోడలు ఫోన్లో విని ఐదు నిమిషాలు నవ్వింది. హామ్లెట్ కంటే ఆ అమ్మాయికే ఇక్కడ మంచి చీటీ దొరికింది.

మర్చంట్ ఆఫ్ వెనిస్‌లో పోర్షియా వకీలు వేషంలో వచ్చి, పత్రంలో ఒక పౌను మాంసమే రాసుంది, రక్తం చుక్క కూడా లేదు, రవ్వంత ఎక్కువ తక్కువైనా నీ ప్రాణానికి ముప్పు అంటుంది. 'కరెక్టుగా ఒక్క పోర్షనే కొయ్యి అన్న లాయరమ్మ?' ఇది అందరికీ తేలిగ్గా తగులుతుంది. ఆట మొదట్లో జనాన్ని మచ్చిక చేసుకోవడానికి ఇలాంటివి కొన్ని ఉండాలి.

ఒథెల్లో పేరుకి 'ఓ... తెల్లో' అని ఒకటి తట్టింది. నాటకంలో అతను నల్లవాడు, అతని రంగు మీద చుట్టూ ఉన్నవాళ్ళ ఏవగింపే అతని కొంప ముంచుతుంది. ఆ ఎగతాళి ఇయాగో నోటికే వదిలేద్దాం. ఒథెల్లోకి చీటీ లేదు.

బుధవారం

చెవికీ కంటికీ కుదరని తగువు ఒకటి వచ్చింది.

చింతామణి. వేశ్య ఇంటికి వెళ్ళి ఆస్తులు ఊడ్చుకుపోగొట్టుకున్నవాళ్ళ కథ. కాళ్ళకూరి నారాయణరావు రాసింది. వాళ్ళకి మిగిలిందేమిటి? చింత. పోయిందేమిటి? మనీ. చింతా, మనీ. తెలుగు నాటకాల పేర్లలో ఇంత శుభ్రంగా ఇంగ్లీషుతో కలిసి విరిగేది ఇంకోటి నాకు కనపడలేదు. కానీ కాగితం మీద రాస్తే? ఒకటి 'ణి', ఒకటి 'నీ'. కన్ను ఒప్పుకోదు. చదివి వినిపిస్తే చెవికి తేడా తెలీదు, మామూలు మాటల్లో 'ణ'ని 'న'గానే పలుకుతారు చాలామంది.

ప్రశ్నలో పాత్రల పేర్లు పెట్టకుండా 'ఆ గుమ్మం తొక్కినవాడికి ఏం మిగిలింది, ఏం పోయింది?' అని రాశాను. సుబ్బిశెట్టి పేరుతో రాస్తే తొందరగా వెలుగుతుంది నిజమే, కానీ ఆ పాత్రని చూపించే తీరు మీద అభ్యంతరాలు వచ్చి 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకం ప్రదర్శనల్నే నిషేధించింది. ఆటకి వచ్చినవాళ్ళలో ఎవరికైనా గుచ్చుకునే మాట చీటీలో అక్కర్లేదు. గుమ్మం చాలు.

అందుకని చీట్లు రెండు రకాలు చేశాను. చెవి చీట్లు: చదివి వినిపించేవి మాత్రమే, జవాబు వైపు ఎవరికీ చూపించకూడదు. చింతామణి, గీరీశం, ఓఫీలియా, మాక్‌బెత్ వీటిలోకి. కంటి చీట్లు: చూపించినా పరవాలేదు, అక్షరం అక్షరంగా నిలబడతాయి. లుబ్ధ లబ్ధ, కలహకంఠి, ఇల్లియ్యరు వీటిలోకి. చెవి చీట్లకి మూల ఒక నీలం చుక్క.

ప్రియంవద ఎటూ కాకుండా పోయింది. ధర వినగానే అనే మాట: 'ప్రియం, వద్దు!' శకుంతల చెలికత్తె. మేనకోడలికి తెగ నచ్చింది. కానీ ప్రియంవద కథలో బేరాలే లేవు, తియ్యగా మాట్లాడటమే ఉంది. కొట్టేస్తుంటే "మావయ్యా, ఇది నాకిచ్చెయ్ అయితే" అని నోట్‌బుక్కులోంచి పేజీ చించుకుంది.

గురువారం

శకుంతల పేరు చూడ్డానికి శాకుంతలం ఏడో అంకం తీశాను. ఇవాళ ఇక చీటీ రాయలేదు, చదువుతూ ఉండిపోయాను.

దుష్యంతుడు మారీచుడి ఆశ్రమంలో ఒక పిల్లవాణ్ణి చూస్తాడు, సింహం పిల్ల నోరు తెరిచి పళ్ళు లెక్కపెడుతుంటాడు. వాడు తన కొడుకేనా అని లోపల గింజుకుంటున్నాడు, అడిగే దారి లేదు. తాపసి ఒకామె వాడి చేతిలోంచి సింహాన్ని విడిపించడానికి మట్టి నెమలి బొమ్మ తెచ్చి, 'శకుంతలావణ్యం చూడు' అంటుంది. శకుంతం అంటే పక్షి. పక్షి అందం చూడు అని ఆమె ఉద్దేశం. పిల్లవాడికి మాత్రం మొదటి మూడు నాలుగు అక్షరాలే వినపడ్డాయి. 'మా అమ్మ ఏది?' అని చుట్టూ చూశాడు. అమ్మంటే ప్రాణం కాబట్టి పేరు పోలికతో మోసపోయాడని తాపసులు నవ్వుకుంటారు. పక్కన నిలబడ్డ రాజుకి గుండె ఆగినంత పని.

ఒక్క సమాసం. శకుంత, లావణ్యం అని విరిస్తే బొమ్మ. శకుంతలా దగ్గర ఆపేస్తే తల్లి. విరుపు ఎక్కడ పడిందన్న దాని మీద ఒక కుటుంబం కలవడం ఆధారపడి ఉంది. మనం నవ్వించడానికి వాడుకునే పనిముట్టుతో కాళిదాసు గుర్తింపు ఘట్టం కట్టాడు. పైగా శకుంతలకి ఆ పేరు వచ్చిందే పుట్టగానే పక్షులు కాపాడినందుకు. కాబట్టి తాపసి చెప్పిన పక్షీ, పిల్లాడు విన్న తల్లీ వేర్వేరు కూడా కాదు.

అక్కడ్నుంచి విశాఖదత్తుడి ముద్రారాక్షసానికి వెళ్ళాను. నాంది శ్లోకంలోనే పార్వతి శివుణ్ణి నిలదీస్తుంది, నీ నెత్తిమీద ఉన్న ఆ అదృష్టవంతురాలెవరు అని. ఆమె అడిగేది గంగ గురించి. శివుడు 'శశికళ' అంటాడు, చంద్రరేఖ అన్నమాట, ఆడపేరులాగా కూడా ఉంటుంది. దాని పేరు అదా అంటే, అవును నీకు తెలిసిందే కదా ఎందుకు మర్చిపోయావు అంటాడు. నేను అడిగింది ఆడమనిషిని గురించి, చంద్రుణ్ణి గురించి కాదు అంటే, చంద్రుడి మాట నమ్మకపోతే ఆడమనిషి విజయనే అడుగు అని చెలికత్తె మీదికి తోసేస్తాడు. దేవుడు పేరుతో శ్లేష ఆడి ఇంట్లో గొడవ తప్పించుకుంటున్నాడు. విశాఖదత్తుడు ఆ టక్కరితనమే మిమ్మల్ని కాపాడుగాక అని ఆశీర్వదించి నాటకం మొదలుపెట్టాడు.

ఆ వెంటనే ఇంకోటి. ప్రస్తావనలో సూత్రధారుడు గ్రహణం గురించి మాట్లాడుతూ, క్రూరగ్రహం కేతువుతో కలిసి నిండు చంద్రుణ్ణి బలవంతంగా పట్టాలని చూస్తోందంటాడు. తెరలోపల్నుంచి కేక: 'నేను బతికుండగా చంద్రగుప్తుణ్ణి పట్టాలనుకునేవాడెవడు?' చాణక్యుడు. చంద్రుడు చంద్రగుప్తుడైపోయాడు, కేతువు అతని శత్రువు మలయకేతువైపోయాడు, క్రూరగ్రహం ఆ మలయకేతువు పక్షాన ఉన్న రాక్షసుడనే పేరుగల మంత్రి. బుధయోగం చంద్రుణ్ణి కాపాడుతుందని కూడా సూత్రధారుడు అంటాడు. బుధుడంటే గ్రహం, పండితుడు కూడా. ఆ పండితుడే కేక వేసింది. తప్పు విన్న ఒక్క పేరుతో చాణక్యుడు రంగం మీదికి దూకాడు.

మృచ్ఛకటికం చివరికి మిగిలింది. అందులో రాజుగారి బావమరిది శకారుడు 'స' పలకాల్సిన చోట 'శ' పలుకుతాడు, అందుకే ఆ పేరు. వసంతసేన వెంటపడి వేధించేది అతనే. అతని నోట ఆమె పేరు వశంతశేన అవుతుంది. తెలుగు చెవితో వినండి: వశం. ఆమెని వశం చేసుకోవాలన్న కోరిక పేరు పిలవడంలోనే బయటపడుతోంది. సంస్కృత నాటకకర్త అనుకున్నాడో లేదో అక్కర్లేదు, చీటీకి సరిపోతుంది: 'నత్తినోటితో పిలిస్తే పేరులో "వశం" వినిపించే గణిక?' అన్నట్టు ఆమె పొరపాటున వేరే బండి ఎక్కి షికారు తోటలో ఇతని చేతికే చిక్కుతుంది. షికారు, శకారు. దానికి ఇంకో చీటీ.

శుక్రవారం

గ్రీకువాళ్ళకి ఎక్కువ సమయం పెట్టదలుచుకోలేదు. వాళ్ళు పేర్లతో ఆడేది నవ్వు కోసం కాదు, రాత చెప్పడానికి. సోఫోక్లిస్ నాటకంలో ఏజాక్స్ తన పేరులోనే ఏడుపు కేక ఉందని తనే అంటాడు. గ్రీకులో ఆ పేరు ఐయాస్, ఏడుపు చప్పుడు ఐయాయ్. ఎస్కిలస్ హెలెన్ పేరుని ఓడలు ముంచేది, మగాళ్ళని ముంచేది, ఊళ్ళు ముంచేది అని మూడుసార్లు తిప్పుతాడు. తెలుగులోకి చప్పుడుతో సహా తేవడం నావల్ల కాదు.

ఈడిపస్ మాత్రం చేతికొచ్చాడు. పసికందుగా ఉన్నప్పుడు కాళ్ళు గుచ్చి పారేస్తే పాదాలు వాచాయి, వాచిన పాదాలవాడని ఆ పేరు. గ్రీకు చెవికి అందులో 'నాకు తెలుసు' అన్న మాట కూడా వినపడుతుంది. పొద్దున నాలుగు కాళ్ళు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం మూడు అనే పొడుపు విప్పింది అతనే. దారికడ్డంగా కూర్చుని ఆ పొడుపు వేసే స్ఫింక్స్ అనే రాక్షసి అతన్ని చూసి తెలుగులో ఏమనుకుంటుంది? 'ఈడి పసెంతో చూద్దాం!' ఈడి పస. అక్షరం ఒత్తిపలకక్కర్లేదు. చెవి చీటీల్లో ఇది రాణించాలి.

ఒక వాక్యం పక్కన రాసుకున్నాను. రెండో రిచర్డ్ నాటకంలో చావుకి దగ్గరపడ్డ ముసలి జాన్ ఆఫ్ గాంట్ తన పేరు మీద తనే వరసగా శ్లేషలు వేసుకుంటాడు. ఇంగ్లీషులో గాంట్ అంటే చిక్కి శల్యమైనవాడని కూడా అర్థం. రాజు విసుక్కుంటాడు, జబ్బుమనుషులు పేర్లతో ఇంత నాజూగ్గా ఆడుకుంటారా అని. దానికి చీటీ లేదు, కానీ డబ్బా మూత మీద ఏదో ఒకటి రాయాలి కదా, ఇదే రాస్తాను.

శనివారం

అచ్చు పని. చీటీ 63 మిల్లీమీటర్లు, 88 మిల్లీమీటర్లు. ఏ4 కాగితం మీద అడ్డంగా మూడు, నిలువుగా మూడు, తొమ్మిది పడతాయి. పక్కల పదిన్నర, పైనా కిందా పదహారున్నర మిల్లీమీటర్లు మిగులుతుంది, కత్తిరించే గీతలకి చాలు. రెండువైపులా అచ్చేసేటప్పుడు కాగితాన్ని పొడుగు అంచు మీద తిప్పితే ఎడమ వరస వెనక కుడి వరస పడుతుంది. కాబట్టి జవాబుల షీటులో ఎడమ, కుడి వరసలు తారుమారుగా పెట్టాలి. మధ్య వరస దానంతటదే సరిపోతుంది.

ఎక్కువ టైమ్ తిన్నది ఫాంటు. జవాబు వైపు పేరులో విరిగే ముక్కకి వేరే రంగు వేద్దామనుకున్నాం. మధు ఒక రంగు, రవాణి ఒక రంగు. అది బాగానే వచ్చింది. రామప్పంతులు దగ్గర ఆగిపోయింది. విరుపు 'మ' తర్వాత పడాలి, కానీ 'అప్పు'లోని అకారం ఆ 'మ'లోనే కరిగిపోయి ఉంది. రంగు వెయ్యడానికి అక్కడ అక్షరమే లేదు. సంధి అతుకు కన్ను పట్టుకోలేదు, చెవి మాత్రమే పట్టుకుంటుంది. నక్షత్రకుడి 'క్ష' లాంటి జంటల్ని సగం సగం రంగు వేస్తే కంప్యూటరు ఒత్తు విడగొట్టి పొల్లు పెట్టేస్తుంది, అది ఇంకా ఘోరం.

అందుకని రంగులు మానేసి రెండు లైన్లు: పైన పేరు పెద్దగా, కింద విరుపు చిన్నగా. మాక్‌బెత్ లాంటి పేర్లలో 'క్' కింద 'బ' ఒత్తుగా చేరిపోకుండా మధ్యలో కనపడని అక్షరం ఒకటి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, అది పెట్టాలి. హామ్లెట్‌లో పెట్టొచ్చు, మానొచ్చు. మాక్‌బెత్‌లో పెట్టకపోతే చదవలేం.

ఫాంట్ల పేర్లలో కూడా శ్లేష దొరికింది. ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో గురజాడ అని ఒకటుంది, కన్యాశుల్కం చీట్లు దాంట్లో. విరుపు లైన్లన్నీ సూరన్న ఫాంటులో. ఒకే పద్యాన్ని రామాయణంగా చదివితే రామాయణం, భారతంగా చదివితే భారతం అయ్యేట్టు రాఘవపాండవీయం మొత్తం రాసిన పింగళి సూరన పేరు పెట్టుకున్న ఫాంటు. శ్లేషకి ఇంతకంటే హక్కుదారుడు ఎవరున్నారు? ఆడేవాళ్ళెవరూ గమనించరు. నాకు తెలుసు, చాలు.

ఆదివారం

ఆడాం. అక్క, బావగారు, మేనకోడలు, రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన, నేను.

పగలే చుక్కలు అనగానే బావగారు నక్షత్రకుడన్నారు, ప్రశ్న పూర్తికాకముందే. పోర్షియా అక్క చెప్పింది. ఇల్లియ్యరు దగ్గర అందరూ ఆగారు. రెండోసారి నెమ్మదిగా చదివాను. మాస్టారు కళ్ళు మూసుకుని 'ఇల్లు... ఇయ్యరు... లియరు' అని విడదీసి, "సంధి విడదియ్యమని పిల్లల్ని కొట్టేవాణ్ణోయ్, ఇలా అడిగుంటే వాళ్ళే చేసేవాళ్ళు" అన్నారు. తర్వాత ఉత్వ సంధి మీద పావుగంట క్లాసు తీసుకున్నారు, ఆట ఆపి.

చెవి చీట్లు గెలిచాయి. చింతామణికి ఇల్లు ఎగిరిపోయింది. ఈడి పసకి మేనకోడలు బల్ల మీద కొట్టింది. లుబ్ధ లబ్ధ ఎవరికీ అందలేదు. కొమ్ము అనగానే అందరూ గేదెలవైపు వెళ్ళిపోయారు. అక్షరం గురించి అని ప్రశ్నలోనే తెలిసేలా తిరగరాయాలి. రామప్పంతులుకి కూడా సాయం కావాలి, జవాబు చూశాక నవ్వుతున్నారు గానీ ముందు తట్టడం లేదు. 'అప్పు' అనే మాట ప్రశ్నలో ఎక్కడో చూచాయగా పడాలి. శకుంతలావణ్యం చీటీగా రాలేదు, కథగా చెప్పాను. అది అలాగే బాగుంది.

చివర్లో మేనకోడలు జేబులోంచి చేత్తో రాసిన ముక్క తీసింది. ప్రతాపరుద్రీయం నాటకం చదివిందట ఈ వారం. అందులో రాజు పోలికలున్న చాకలి పేరిగాడు రాజు వేషంలో కూర్చోవాల్సొస్తుంది.

"ఓరుగల్లులో పేరుకే రాజు ఎవరు?"

మాస్టారికీ నాకూ ఒకేసారి తట్టింది, ఆయన ముందు అరిచారు. విరుపు లేదు, సంధి లేదు, పాత్ర కథంతా ఉంది. తర్వాతి షీటు మొదటి గడి దానిది. ప్రియంవద పేజీ కూడా తెచ్చి బల్ల మీద పెట్టింది పక్కనే, రూలు మార్చమని. మార్చలేదు. ఖాళీగా మిగిలిన గడుల్లో ప్రతాపరుద్రీయంలోనే ఉన్న చెకుముకి శాస్త్రికీ యుగంధరుడికీ చోటు ఉంచి, కరటక శాస్త్రికి ఇంకా మంచి ప్రశ్న కావాలని పక్కన రాసుకున్నాను.